నవ్వుల సీమకు నాయకుడు రేలంగి
(ఆగస్టు 9 పద్మశ్రీ రేలంగి వెంకట్రామయ్య జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

తెలుగు చలనచిత్ర చరిత్రలో హాస్యరసానికి గౌరవప్రదమైన పీఠం వేసిన నటులలో అగ్రగణ్యులు శ్రీ రేలంగి వెంకట్రామయ్య. తెరపై ఆయన రూపం కనిపించగానే ప్రేక్షకుల పెదవులపై చిరునవ్వు మొలిచేది. దాదాపు నాలుగు దశాబ్దాల నటజీవితంలో 300కు పైగా చిత్రాలలో నటించి, అబాలగోపాలాన్ని అలరించి, 1970లో భారత ప్రభుత్వం నుండి పద్మశ్రీ పురస్కారాన్ని అందుకున్న ఘనత ఆయనది. తెలుగు హాస్యనటులలో ఆ గౌరవాన్ని పొందిన తొలి వ్యక్తి ఆయనే.

రేలంగి పేరు చెప్పగానే ‘మాయాబజార్’లోని లక్ష్మణకుమారుడు, ‘మిస్సమ్మ’లోని దేవయ్య, ‘పెద్దమనుషులు’లోని తిక్క శంకరయ్య జ్ఞాపకం రావడం సహజం. అయితే ఆయన జీవితంలో అంతగా చర్చకు రాని మరొక ఘట్టం ఉన్నది. నవ్వించేవాడు కథానాయకుని పక్కనే నిలబడాలి తప్ప కథానాయకుడు కారాదన్న భావన బలంగా ఉన్న కాలంలో, 1953లో వచ్చిన ‘పక్క ఇంటి అమ్మాయి’ చిత్రంలో ఆయన కథానాయక పాత్రను ధరించారు. ఒక విలక్షణమైన హాస్యచిత్రం నిలబడటానికైనా, కూలిపోవడానికైనా ప్రధాన పాత్రధారి అభినయమే మూలమని నిరూపించిన చిత్రమది.

గోదావరి గాలి, హరికథల పాఠం

రేలంగి 1910 ఆగస్టు 9న నాటి గోదావరి జిల్లాలోని రావులపాలెం ప్రాంతంలో జన్మించారు. ఈ ప్రాంతం 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కోనసీమ జిల్లాలో చేరింది. తండ్రి రామస్వామి సంగీతంలోను, హరికథాగానంలోను ప్రవేశం కలవారు. పసితనంలోనే తల్లి కన్నుమూయగా, తల్లి తరువాత తల్లియై పినతల్లి ఆయనను పెంచారు. బాల్యం, యౌవనం కాకినాడలో గడిచాయి.

హరికథ ఒక్కరు నడిపే నాటకం. కథకుడే రాజు, కథకుడే సేవకుడు, కథకుడే విదూషకుడు. కరుణరసం పండించిన మరుక్షణంలో ఒక పిట్టకథతో సభను నవ్వించి, మళ్లీ అసలు కథలోకి లాక్కుపోవాలి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో తెలియని కథకుని సభ మధ్యలోనే లేచిపోతుంది. ఇంటిలోనే లభించిన ఈ పాఠం రేలంగికి జీవితాంతం పెట్టుబడిగా నిలిచింది. 1961లో ఆత్రేయ దర్శకత్వంలో వచ్చిన ‘వాగ్దానం’ చిత్రంలో శ్రీశ్రీ రచించి, ఘంటసాల గానం చేసిన హరికథను రేలంగిపై చిత్రీకరించినప్పుడు, ఆయన చూపిన ఒడుపు వెనుక ఆ ఇంటి వారసత్వమే ఉన్నది.

విద్యాభ్యాసం కంటె నాటకమే ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. నాటి కాకినాడ నాటకరంగానికి పెట్టని కోట. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ వంటి సంస్థలు తరువాతి కాలంలో వెండితెరను ఏలిన పలువురిని తీర్చిదిద్దాయి. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, సంగీత దర్శకులు ఆదినారాయణరావు ఆ వాతావరణంలో ఎదిగినవారే. రేలంగి తొలినాళ్లలో స్త్రీ పాత్రలు కూడ ధరించారు. నడక, చూపు, చేతి కదలిక, గొంతులోని స్వల్పభేదం ఇవన్నీ పరిశీలించి అలవరచుకోవలసిన ఆ పాత్రలు ఆయన దేహాన్ని నటనకు అనువైన పరికరంగా మలచాయి.

పన్నెండేళ్ల నిరీక్షణ

తెలుగు సినిమాకు తొలినాటి దారులు వేసిన దర్శకులు శ్రీ సి. పుల్లయ్య కాకినాడవారే. ఆయన దర్శకత్వంలో 1935లో కలకత్తాలో నిర్మితమైన ‘శ్రీకృష్ణ తులాభారం’ ద్వారా రేలంగి చిత్రరంగ ప్రవేశం చేశారు. అయితే ఆ ప్రవేశం వెంటనే కీర్తిని తెచ్చిపెట్టలేదు. ఆ తరువాత అనేక సంవత్సరాలు పుల్లయ్య వద్దనే ఉంటూ, చిన్నచిన్న వేషాలు వేస్తూ, నిర్మాణానికి సంబంధించిన సమస్త పనులలోను చేదోడువాదోడుగా నిలిచారు. నటీనటులను సమకూర్చడం మొదలు, చిత్రీకరణ ఏర్పాట్లు చూడటం వరకు ఆయన చేయని పని లేదు.

నటుడు కావాలని వచ్చిన యువకునికి ఇది కఠినమైన పరీక్ష. తోటివారు వేషాలు దక్కించుకొని ముందుకు సాగుతుంటే, తాను కెమెరా వెనుక నిలబడి వారికి సదుపాయాలు సమకూర్చవలసి వచ్చింది. ఇరవైల వయసు దాటింది, ముప్పైల నడిమికి చేరింది, గుర్తింపు మాత్రం రాలేదు. కాని ఆ సంవత్సరాలు వృథా కాలేదు. ఒక సన్నివేశం ఎట్లా నిర్మితమవుతుందో, కెమెరాకు దగ్గరగా ఉన్నప్పుడు ఎంత తగ్గించాలో, దూరంగా ఉన్నప్పుడు ఎంత పెంచాలో, రంగస్థలంపై పనికివచ్చే అతిశయం తెరపై ఎందుకు ఎబ్బెట్టుగా ఉంటుందో ఆయన దగ్గరుండి గ్రహించారు.

1947లో పుల్లయ్య దర్శకత్వంలోనే వచ్చిన ‘గొల్లభామ’, 1948లో వచ్చిన ‘వింధ్యరాణి’ చిత్రాలతో ప్రేక్షకులు రేలంగిని గుర్తించడం ప్రారంభించారు. తొలి చిత్రానికి, ఈ గుర్తింపుకు నడుమ పన్నెండేళ్లు గడిచాయి. 1949లో ‘కీలుగుర్రం’, ‘గుణసుందరి కథ’, 1951లో ‘పాతాళభైరవి’ వరుసగా వచ్చి ఆయనను తెలుగునాట ప్రతి ఊరికీ పరిచయం చేశాయి. ‘పాతాళభైరవి’లో రాకుమార్తెపై ఆశలు పెంచుకున్న రాజుగారి బావమరిదిగా ఆయన అభినయం నేటికీ ప్రేక్షకులకు జ్ఞాపకమే.

హాస్యనటుడు కథానాయకుడైన వేళ

హాస్యనటుడు కథకు కేంద్రం కావడం రేలంగితోనే ప్రారంభం కాలేదన్నది ఇక్కడ గమనించదగిన విషయం. కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘గుణసుందరి కథ’లో శ్రీరంజని సరసన ప్రధాన పాత్రను ధరించినవారు ప్రఖ్యాత హాస్యనటులు కస్తూరి శివరావు. అందులో రేలంగి పెద్దల్లుళ్లలో ఒకరైన హరమతిగా నటించారు. అయితే అది జానపద కథ. శాపం, మాయలు, మణి కోసం ప్రయాణం వంటి అద్భుతాలు నాయకునికి అండగా నిలిచాయి.

‘పక్క ఇంటి అమ్మాయి’ పరిస్థితి వేరు. ఇందులో మాయలు లేవు, కత్తియుద్ధాలు లేవు, కన్నీటి కథ లేదు. అరుణ్ చౌదరి రచించిన వంగ కథ ఆధారంగా 1952లో బెంగాలీలో ‘పాశేర్ బాడీ’ అనే చిత్రం వచ్చింది. మరుసటి సంవత్సరమే సి. పుల్లయ్య ఆ ఇతివృత్తాన్ని తెలుగువారికి అందించారు. కథ స్వల్పం. ఒక అమాయక యువకుడు పక్క ఇంటిలోని అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమెకు సంగీతమంటే ప్రాణం. అతనికి పాట రాదు. మిత్రుడు చాటున ఉండి పాడుతుంటే, తాను కిటికీ వద్ద నిలబడి పెదవులు కదుపుతాడు. ఆ వంచన ఎంతకాలం నిలుస్తుంది, బయటపడిన నాడు ఏమవుతుంది అన్నదే కథ.

నాయికగా అంజలీదేవి నటించారు. అప్పటికే ఆమె అగ్రశ్రేణి తార. కథానాయకుడు రేలంగి వయసు అప్పటికి 42 దాటింది. అందగాడైన నాయకుడు, వీరోచిత కృత్యాలు, యుగళగీతాలు ఆశించి వచ్చే ప్రేక్షకులు ఈ జంటను అంగీకరిస్తారా అన్న సందేహం ఎవరికైనా కలిగేదే. దర్శకుడు, నాయకుడు, నాయిక ముగ్గురూ కాకినాడ రంగస్థలంతో అనుబంధం ఉన్నవారు కావడం, ఒకరి శక్తి ఒకరికి తెలిసి ఉండటం ఈ సాహసానికి తోడ్పడింది. చిత్రం ప్రేక్షకాదరణ పొందింది.

పాట వెనుక పాట

ఈ చిత్రంలోని హాస్యానికి మరొక విశేషమైన అంతరార్థం ఉన్నది. 1950వ దశకం నాటికి తెలుగు సినిమాలో నేపథ్యగానం స్థిరపడిపోయింది. తెరపై నాయకుడు పాడుతున్నట్లు కనిపించినా, గొంతు వేరొకరిదని అందరికీ తెలుసు. తెలిసి కూడ ప్రేక్షకుడు దానిని మరచిపోతాడు. ‘పక్క ఇంటి అమ్మాయి’ కథ ఆ మరపునే పరిహాసం చేసింది. అన్ని చిత్రాలలోను తెరచాటున జరిగే పనిని ఈ చిత్రం తెరమీదికి తెచ్చింది. చాటున పాడే మిత్రునిగా సుప్రసిద్ధ నేపథ్యగాయకులు ఎ.ఎం. రాజాయే నటించడం ఈ పరిహాసానికి పరిపూర్ణత చేకూర్చింది.

ఇటువంటి సన్నివేశంలో నాయక పాత్రధారిపై పడే భారం సామాన్యమైనది కాదు. మామూలు చిత్రంలో నటుడు తానే పాడుతున్నట్లు భ్రమ కల్పిస్తే చాలు. ఇక్కడ కిటికీ అవతల ఉన్న అమ్మాయికి ఆ భ్రమ కలగాలి. అదే సమయంలో తెర ముందున్న ప్రేక్షకునికి వంచన స్పష్టంగా కనిపించాలి. పెదవులు పాటతో సరిగ్గా కలిసిపోతే నవ్వు పుట్టదు. పూర్తిగా తప్పిపోతే అమ్మాయి నమ్మడం అసహజమవుతుంది. ఈ రెంటి మధ్యనున్న సన్నని గీత మీద నడవగల నటుడు మాత్రమే ఆ సన్నివేశాన్ని పండించగలడు. హరికథా సంప్రదాయంలో లయజ్ఞానాన్ని పొందిన రేలంగికి అది స్వాభావికంగా అబ్బిన విద్య.

అంతకంటె ముఖ్యమైనది పాత్రలోని నిజాయితీ. ఆ యువకుడు చేసేది మోసమే. అతనిని మోసగానిగా చూపితే ప్రేక్షకుని సానుభూతి పోతుంది. వట్టి మూర్ఖునిగా చూపితే అతని ప్రేమకు విలువ ఉండదు. తాను నవ్వు పుట్టిస్తున్నానన్న స్పృహ ఆ పాత్రకు ఉండకూడదు. తన కష్టం తనకు నిజమైన కష్టంగానే తోచాలి. రేలంగి నటనలోని ఈ గుణమే ఆయనను సహాయ హాస్యపాత్రల నుండి నాయక పాత్రకు తీసుకురాగలిగింది. సహాయపాత్రలోని హాస్యనటుడు రెండు నిమిషాలు నవ్వించి నిష్క్రమిస్తే సరిపోతుంది. నాయకుడైన హాస్యనటుడు మాత్రం తొలి దృశ్యం నుండి చివరి దృశ్యం వరకు ప్రేక్షకుని చేయి పట్టుకొని నడిపించాలి. అతడు గెలవాలని చూసేవారికి అనిపించాలి.

ఈ ఇతివృత్తం తరువాతి ప్రస్థానం కూడ ఈ విషయాన్నే రుజువు చేస్తున్నది. 1960లో తమిళంలో టి.ఆర్. రామచంద్రన్, అంజలీదేవి నటించిన ‘అడుత్త వీట్టు పెణ్’ వచ్చింది. 1968లో హిందీలో సునీల్ దత్, కిశోర్ కుమార్, మెహమూద్ నటించిన ‘పడోసన్’ వచ్చి దేశమంతటా పేరు పొందింది. 1981లో చంద్రమోహన్, జయసుధ, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో తెలుగులోనే మళ్లీ నిర్మితమైంది. కథ ఒకటే అయినా ప్రతి చిత్రానికీ రుచి వేరు. గంభీర పాత్రలకు పేరుపొందిన సునీల్ దత్ అమాయకుడైనప్పుడు హాస్యభారంలో అధికభాగం కిశోర్ కుమార్, మెహమూద్‌ల భుజాలపైకి వెళ్లింది. రేలంగి నాయకుడైనప్పుడు ఆ భారం నాయకుని వద్దనే నిలిచింది. ప్రధాన పాత్రధారి మారితే హాస్యచిత్రం కేంద్రబిందువే మారుతుందనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం అరుదు.

తిరిగి తన స్థానానికి

ఈ విజయం తరువాత రేలంగి నాయక పాత్రలకే పరిమితం కాలేదు. చిత్రపరిశ్రమ కూడ ఆయనకు ఆ మార్గాన్ని విశాలంగా తెరవలేదు. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు నాయకులుగా వెలుగుతున్న ఆ రోజులలో ఆయన తిరిగి సహాయపాత్రలకు వచ్చారు. నాయక పాత్ర ధరించిన నటునికి మరల పక్కన నిలబడటం మనసుకు భారమయ్యే విషయమే. కాని రేలంగి ఆ పాత్రలను చిన్నచూపు చూడలేదు. ఆయన ఉత్తమ నటనలో అధికభాగం ఆ తరువాతి పదేళ్లలోనే వెలువడింది.

1954లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘పెద్దమనుషులు’ ఇందుకు చక్కని ఉదాహరణ. పైకి ధర్మాత్ములుగా చెలామణి అవుతూ లోలోపల ఊరిని దోచుకునే పెద్దల కథ ఇది. అందులో తిక్క శంకరయ్య అందరి దృష్టిలో పిచ్చివాడు. బుద్ధిమంతులు చెప్పడానికి భయపడే సత్యాలను ఆ పిచ్చివాడే పాడుకుంటూ వీధులవెంట తిరుగుతాడు. నవ్వుతూ వింటున్న ప్రేక్షకునికి కొంతసేపటికి ఆ నవ్వు వెనుకనున్న చురక తగులుతుంది. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రంగా ‘పెద్దమనుషులు’ రాష్ట్రపతి రజత పతకాన్ని అందుకున్నది.

1955లో ‘మిస్సమ్మ’లో నాయికానాయకుల రహస్యం తెలిసిన దేవయ్యగా, 1957లో ‘మాయాబజార్’లో దుర్యోధనుని ముద్దుల కుమారుడు లక్ష్మణకుమారునిగా ఆయన అభినయం శిఖరాలను అందుకున్నది. మాయాశశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుని చేతిలో పెళ్లిపీటలపై లక్ష్మణకుమారుడు పడే పాట్లు తరతరాలను నవ్విస్తూనే ఉన్నాయి. సావిత్రి రాక్షసభావాన్ని ఎంత గంభీరంగా ప్రదర్శించారో, రేలంగి భయాన్ని అంత నిజంగా ప్రదర్శించడం వల్లనే ఆ దృశ్యం రాణించింది. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఉత్తరకుమారునిగా ప్రగల్భాలను, పిరికితనాన్ని ఏకకాలంలో పలికించారు. అదే సంవత్సరం ‘లవకుశ’లో చాకలి పాత్రలో కనిపించారు. రాముని కథను మలుపు తిప్పే నిందకు మూలమైన ఆ పాత్రను హాస్యనటునికి అప్పగించడం ఆయనపై దర్శకులకున్న విశ్వాసానికి తార్కాణం.

సూర్యకాంతం సరసన గయ్యాళి భార్యకు తలవంచే భర్తగా, గిరిజ సరసన చిలిపి ప్రేమికునిగా ఆయన ఎన్నో చిత్రాలలో మెప్పించారు. బొద్దుగా ఉండే రేలంగి, బక్కపలుచని రమణారెడ్డి కలిసి తెరపైకి వస్తే మాట పుట్టకముందే నవ్వు పుట్టేది. ఆయన హాస్యంలో అశ్లీలానికి తావు లేదు. కుటుంబ సమేతంగా చూడదగిన ఆరోగ్యకరమైన హాస్యానికి ఆయన పేరు పర్యాయపదమైంది.

తాడేపల్లిగూడెం మమకారం

చిత్రరంగం మద్రాసులో కేంద్రీకృతమై ఉన్నా, రేలంగి మనసు గోదావరి సీమనే అంటిపెట్టుకొని ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెంలో ఆయన స్థిరనివాసం ఏర్పరచుకొని, అక్కడ తన పేరుతో ఒక చిత్రప్రదర్శనశాలను నిర్మించారు. పేదరికాన్ని, నిరీక్షణను అనుభవించిన వ్యక్తి కావడంతో ఆకలితో వచ్చినవారికి ఆయన ఇంటి తలుపు తెరిచే ఉండేదని సమకాలికులు చెప్పుకొనేవారు.

జీవిత చరమాంకంలో అనారోగ్యం ఆయనను బాధించింది. శరీరాన్నే వాద్యంగా చేసుకొని నవ్వులు పలికించిన నటునికి ఆ శరీరమే సహకరించకపోవడం విషాదం. క్రమంగా చిత్రాలు తగ్గాయి. 1975 నవంబరులో తాడేపల్లిగూడెంలో ఆయన కన్నుమూశారు. తెలుగు హాస్యంలో ఒక అధ్యాయం ముగిసింది.

వేసిన బాట

రేలంగి, కస్తూరి శివరావు వేసిన బాటలో తరువాతి తరం నడిచింది. 1967లో పద్మనాభం ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లో, 1970లో చలం ‘సంబరాల రాంబాబు’లో, ఆ తరువాత రాజబాబు ‘తాత మనవడు’లో ప్రధాన పాత్రలు ధరించారు. 1986లో వంశీ దర్శకత్వంలో ‘లేడీస్ టైలర్’, 1987లో జంధ్యాల దర్శకత్వంలో ‘అహ నా పెళ్ళంట’ చిత్రాలతో రాజేంద్రప్రసాద్ హాస్య కథానాయకునిగా స్థిరపడ్డారు. నవ్వించేవాడు కథను మోయగలడా అన్న ప్రశ్న ఆనాటికి దాదాపు కనుమరుగైంది. ఆ ప్రశ్నకు 1953లోనే ఒక జవాబు చెప్పినవారు రేలంగి.

హాస్యం సులభమని చాలామంది భావిస్తారు. కన్నీరు తెప్పించడానికి కథ సహాయపడుతుంది, సంగీతం సహాయపడుతుంది. నవ్వు పుట్టవలసిన క్షణంలో మాత్రం నటుడు ఒంటరి. ఆ ఒంటరితనాన్ని కాకినాడ వేదికలపై ఎదుర్కొని, కలకత్తా స్టూడియోలలో ఓర్పుతో భరించి, మద్రాసు తెరపై జయించిన కళాకారుడు రేలంగి వెంకట్రామయ్య. ఆయన జయంతి సందర్భంగా ఆ మహానటుని స్మరించుకోవడం, ఆయన నటించిన చిత్రాలను నేటి తరానికి పరిచయం చేయడం తెలుగువారందరి కర్తవ్యం. ముఖ్యంగా ‘పక్క ఇంటి అమ్మాయి’ని మరొకసారి చూసినవారికి, కిటికీ వద్ద పెదవులు కదుపుతూ నిలబడిన ఆ అమాయకుని వెనుక పద్దెనిమిదేళ్ల శ్రమ కనిపిస్తుంది. అదే ఆ హాస్యనట చక్రవర్తికి నిజమైన నివాళి.